గెటీస్‌బర్గ్ ఊరికి నియమాలు రాసుకున్నాం

అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది, దక్షిణాది సైన్యాలు తలపడిన గెటీస్‌బర్గ్ వీధుల్లో 1863 జూలై 1 సాయంత్రం నాలుగు దాటాక ఏం జరిగిందో పట్టుకోకపోతే ఆ యుద్ధాన్ని బల్ల మీద ఆడి లాభం లేదు. ఆ మొదటి రోజు పోరుని పావులతో, పాచికలతో ఆడటానికి మా బావమరిదీ నేనూ సొంతంగా నియమాలు రాసుకున్నాం. కొండలు, వాగులు, పొలాల కంచెలు తేలిగ్గానే కుదిరాయి. పనంతా ఊరి దగ్గరే పట్టింది.

మామూలుగా ఇలాంటి ఆటల్లో ఊరంటే చాటు. ఇళ్ళలో దూరిన దళాన్ని కదిలించడం కష్టం కాబట్టి దాడి చేసేవాడి పాచికకి కోత పెడతారు. వాటర్లూ యుద్ధంలో చాలాసార్లు చేతులు మారిన ప్లాన్సెన్వా పల్లెకి ఇది సరిపోతుంది. ఇక్కడ అదే నియమం పెట్టి చూస్తే, ఉత్తరాది సైన్యం ఆడుతున్న బావమరిది రెండు బ్రిగేడ్లని, అంటే రెండు పెద్ద దళాలని, నడి చౌరస్తాలో నిలబెట్టేశాడు. చీకటి పడేదాకా అవి కదల్లేదు.

"నియమం ప్రకారం ఇదే మంచి ఎత్తు కదా బావా" అన్నాడు. నిజమే. కానీ ఆ రోజు ఉత్తరాది సేనానులు ఊరిని కోటగా వాడుకోలేదు. పడమట సెమినరీ రిడ్జ్ అనే గట్టు నుంచి ఒకటో కోర్ (కోర్ అంటే చాలా బ్రిగేడ్లుండే సైన్య విభాగం), ఉత్తరం పొలాల్లోంచి పదకొండో కోర్ వెనక్కి తగ్గి, రెండూ అవే వీధుల్లోకి వచ్చి పడ్డాయి. సుమారు 2,400 మంది ఉండే ఊరు. పది రోడ్లు కలిసే చోటు కాబట్టే సైన్యాలు అక్కడికి చేరాయి. తిరిగి వెళ్ళేటప్పుడు ఆ రోడ్లే ఫిరంగులతో, బండ్లతో, గాయపడ్డవాళ్ళతో కిక్కిరిసిపోయాయి. తీర్థంలో చెయ్యి జారిన పిల్లల్లా సైనికులు తమ దళాల నుంచి విడిపోయారు. వేలమంది బందీలయ్యారు. షిమెల్‌ఫెనిగ్ అనే జనరల్ అయితే బాల్టిమోర్ స్ట్రీట్‌లో ఒక ఇంటి పెరట్లో దాక్కుని, 4వ తేదీకి గానీ బయటికి రాలేదు.

అందుకని చాటు నియమం కొట్టేసి, ఊరిని మూడు ముక్కలు చేశాం: ఉత్తరపు అంచు, చౌరస్తా, దక్షిణపు అంచు. వెనక్కి తగ్గే దళం ఒక్కో ముక్క దాటేటప్పుడు పాచిక వెయ్యాలి. అప్పటికే ఆ ముక్కలో ఇంకో దళం ఉంటే బందీలయ్యేవాళ్ళు పెరుగుతారు. ఉత్తరపు అంచుకి మాత్రం కొంచెం చాటు ఉంచాం. ఉత్తరాది వాళ్ళ కోస్టర్ బ్రిగేడ్ ఇటుకల బట్టీ దగ్గర నిలబడి, కాసేపైనా అడ్డుకోబట్టి.

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించింది తరుముకొచ్చేవాళ్ళ నియమం. ఊరు గెలిచినవాణ్ణీ చెదరగొడుతుంది. చౌరస్తా దాటిన దక్షిణాది దళం మళ్ళీ బారు తీరడానికి ఒక వంతు, అంటే అరగంట, ఆగాలి. బందీలు ఎక్కువైతే రెండు వంతులు. వీలైతే ఊరికి దక్షిణాన ఉన్న సెమెటరీ హిల్ కొండ పట్టుకోమని దక్షిణాది సేనాధిపతి లీ చెప్పినా, ఆయన కింది జనరల్ యూయెల్ ఎందుకు ఆగాడన్న వాదన ఇప్పటికీ తెగలేదు. ఈ నియమంతో ఆడితే ఆయన ముందున్న చిక్కు అర్థమవుతుంది: ఎదురుగా ఎత్తు, దాని మీద ఉత్తరాది జనరల్ హోవర్డ్ ముందే ఉంచిన ఫిరంగులు, తన చేతిలో చెదిరిన దళాలు, గడియారంలో సాయంత్రం.

ఊరి జనానికి పావులు వద్దన్నాను. 3వ తేదీన పిండి కలుపుతుండగా తలుపులోంచి దూసుకొచ్చిన తూటాకి జెన్నీ వేడ్ చనిపోయింది. ఇరవై ఏళ్ళ పిల్ల. ఆమెని పాచికకి అప్పజెప్పడం నాకు నచ్చలేదు. బావమరిది కూడా సరేనన్నాడు.

తర్వాత అవే నియమాలతో 2వ తేదీ సాయంత్రం ఆడాం. దక్షిణాది జనరల్ ఎర్లీ బ్రిగేడ్లు తూర్పు వైపు నుంచి సెమెటరీ హిల్ ఎక్కాయి. ఊళ్ళో ఉన్న, దక్షిణాదిదే అయిన రోడ్స్ డివిజన్ వీధుల్లోంచి బయటపడి బారు తీరేసరికి చీకటి పడిపోయింది, ఎర్లీ దళాలకి సాయం అందలేదు. ఆ రోజు నిజంగా జరిగిందీ అదే. ఆ నియమంలో ఇక ఒక్క అంకె కూడా మార్చలేదు.