వేట లేని నెలలో సూర చేప

ఇవాళ శనివారం. చేపలు ఎగుమతి చేసే మా ప్లాంటులో పని రెండింటికే అయిపోయింది. ఏప్రిల్ 15 నుంచి వేట నిషేధం కదా, సముద్రం సరుకు లేదు. చెరువు రొయ్యలు ఒక లోడు వస్తే చూసి, ఉష్ణోగ్రతలు రాసి, సంతకం పెట్టి వచ్చేశాను.

అమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. జూన్ 14 దాకా అమ్మ తట్ట బోర్లించే ఉంటుంది. ముప్పై ఏళ్లుగా తెల్లవారుజామున మూడింటికి లేచి హార్బరులో చేపల వేలంపాటకి వెళ్లే మనిషి. చేపలు గుడ్లు పెట్టుకునే కాలం, 61 రోజులు వాటిని వదిలెయ్యాలని పేటలో అందరికంటే గట్టిగా చెప్పేది అమ్మే. అయినా మూడింటికే మెలకువ వచ్చేస్తుంది. లేచి ఏం చెయ్యాలో తోచదు.

బీచ్ రోడ్డులో సుషీ, అంటే జపాన్ వాళ్ల పచ్చి చేపా అన్నం, పెట్టే పెద్ద రెస్టారెంటుకి అమ్మని తీసుకెళ్లాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. మా పేట చేపలమ్మి బతికింది. నేను ఆరేళ్లుగా పరాయి దేశాలకి వెళ్లే చేపల నాణ్యత చూస్తున్నాను. అక్కడివాళ్లు వాటిని ఎలా తింటారో మా ఇద్దరిలో ఒక్కరికీ తెలీదు. ఈ నెల జీతంలో మూడు వేలు దీనికని పక్కన పెట్టాను.

"పచ్చి చేప పిల్లి తింటాది గాని మనిషి తింటాడేటే?" అంది ఆటోలో. చీర మాత్రం పెళ్లిళ్లకి కట్టే వంగపండు రంగుది కట్టుకుంది.

కౌంటర్ ముందు కూర్చున్నాం, కోసేవాడి చెయ్యి కనబడాలని. అవతల మణిపూర్ నుంచి వచ్చిన అబ్బాయి. అమ్మ అతని మొహం కన్నా ముందు కత్తిని చూసింది. సన్నగా, పొడుగ్గా, ఒక పక్కే పదును పెట్టిన కత్తి. సూర, అంటే ట్యూనా చేప, ముక్క మీద కత్తిని పిడి వైపు ఆనించి మొన దాకా ఒక్క లాగు లాగాడు. ముందుకీ వెనక్కీ కొయ్యలేదు. తెగిన చోటు అద్దంలా ఉంది.

"ఒక్క లాగులో తెంపీసినాడు సూడు," అంది అమ్మ మెల్లగా. తన కత్తిపీట దగ్గర కత్తి కదలదు, చేప కదులుతుంది. ఇక్కడ చేప కదలదు. కానీ ఆ ఒక్క లాగు సంగతి అమ్మకి చెప్పక్కర్లేదు. కండ నలిగితే నీరు కారుతుందని, నీరు కారితే రుచి పోతుందని నాకు చిన్నప్పుడే నేర్పింది. కాలేజీలో చదివింది ఆ తరవాతే.

తరవాత అన్నం. పొట్టి గింజ బియ్యం, బాగా జిగురు. వేడిగా ఉండగానే వినెగరు, పంచదార, ఉప్పు కలిపి విసనకర్రతో విసురుతారట. గుప్పెట్లో కొంచెం తీసుకుని, రెండు వేళ్లతో నొక్కి, పైన చేప పెట్టి మా ముందుంచాడు. దీన్ని నిగిరి అంటారు. జపాన్ భాషలో ఆ మాటకి గుప్పెట్లో పట్టి నొక్కడం అని అర్థం. మనం ముద్ద చెయ్యడమే కదా! చేత్తోనే తినొచ్చు అని అతను అనగానే అమ్మ భుజాలు దిగాయి. అప్పటిదాకా తినడానికి పెట్టిన పుల్లలవంకే చూస్తూ కూర్చుంది.

మొదటిది నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. నేను ఊపిరి బిగబట్టాను.

"అన్నం గోరువెచ్చగున్నాది," అంది. "చేప సల్లగున్నాది."

నేను గమనించనే లేదు. రెండోది తిన్నప్పుడు తెలిసింది. అన్నం ఒంటి వేడికి దగ్గరగా ఉంటుంది, పైన చేప చల్లగా. రెండూ నోట్లో కలుస్తాయి. వసాబి అనే పచ్చటి ముద్ద ఘాటు ముక్కులోకి ఎక్కితే "ఆవపిండి" అంది అమ్మ. అదీ నిజమే. రెండూ ఒకే కుటుంబం మొక్కలు, ఘాటూ ఒకటే. సాల్మన్ చేప నార్వే దేశానిది. మెత్తగా ఉంది కానీ మా ఇద్దరికీ అంత పట్టలేదు. మధ్యమధ్యలో తినమని ఇచ్చిన తీపి అల్లం అమ్మకి బాగా నచ్చింది.

అప్పుడడిగింది, నేను ఎదురుచూస్తున్న ప్రశ్న. "వేట లేదు కదా బాబూ, మరి ఈ సూర ఎక్కడిది?"

ఇక్కడిది కాదన్నాడు. గడ్డకట్టించి బయటినుంచి తెప్పించారు. అక్కడినుంచి నేనందుకున్నాను. పచ్చిగా తినే చేపని చాలామటుకు ముందు బాగా గడ్డకట్టిస్తారు. మైనస్ 20 డిగ్రీల్లో వారం రోజులుంచితే లోపలి పురుగులు చస్తాయి. సూర ఎరుపు చెడకుండా నెలల తరబడి నిలవాలంటే అదీ చాలదు, మైనస్ 60 దాకా వెళ్లాలి. అన్నిటికంటే ముఖ్యం మొదటి గంటలు. సూర ఒళ్లు చుట్టూ ఉన్న నీటికన్నా వెచ్చగా ఉంటుంది. గేలానికి పడి కొట్టుకున్నప్పుడు ఇంకా వేడెక్కుతుంది. వెంటనే ఐసులో పెట్టకపోతే హిస్టమిన్ అనే విషం లాంటి పదార్థం పుడుతుంది. అది ఉడికించినా పోదు. ఇవన్నీ నేను రోజూ రిజిస్టరులో రాసేవే. ఇంట్లో మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఇప్పుడు రాస్తుంటే బాధగా ఉంది.

చివర్లో సూర పొట్ట మాంసం, తోరో, ఒక్కొక్కటి తెప్పించాను. నెయ్యిలా కరిగిపోయింది. ఇంత ఖరీదైన ముక్కని ఒకప్పుడు జపాన్‌లో పెద్దగా ఎవరూ కొనేవారు కాదని, పిల్లి కూడా దాటుకుని పోతుందనేవారని చెప్పాను. కొవ్వు తొందరగా చెడుతుంది, ఐసు పెట్టెలు లేని రోజులవి. నిగిరి కూడా డబ్బున్నవాళ్ల తిండిగా మొదలవ్వలేదు. 1820లలో ఎడో అనే నగరంలో, అంటే ఇప్పటి టోక్యోలో, వీధి బడ్డీల్లో పనివాళ్లు నిలబడి తిని వెళ్లిపోయేవారు.

అమ్మ పిల్లి మాట దగ్గరే ఆగిపోయింది. "అదే చేపా?"

"అదే చేపే అమ్మా."

"ఐసుకే అంత తేడానా?"

ఇంకేం మాట్లాడలేదు. చెయ్యి కడుక్కునేటప్పుడు ఆ అబ్బాయిని నీ ఊళ్లో ఏం చేప తింటారని అడిగింది. పులియబెట్టిన చేప, ఙారి అంటారు అన్నాడు. మా ఉప్పుచేప లాంటిదేనా అని అడిగి తెలుసుకుని, వచ్చేటప్పుడు అతనికి దణ్ణం పెట్టింది.

జాలరిపేటలో ఆటో దిగేసరికి తొమ్మిది దాటింది. ఇసకలోకి లాగిన ఫైబర్ బోట్లన్నీ వరసగా ఉన్నాయి. తమ్ముడు మా బోటు పక్కన సెల్‌ఫోన్ వెలుగులో గేలం తాళ్లు చూసుకుంటున్నాడు. అమ్మ ఇంటికి వెళ్లలేదు. పట్టుచీర కుచ్చిళ్లు పైకి దోపుకుని నేరుగా బోటు దగ్గరకి నడిచింది. ఐసు పెట్టె మూత ఎత్తి లోపలికి చూసింది.

"పెద్ద సూర పడితే ఇందులో పడుకుంటాదేట్రా?"

"తల బయటికొచ్చెత్తాది. గోనె కప్పుతాం," అన్నాడు వాడు.

"ఎండలోనా?"

వాడు నావంక చూశాడు. నేను మూరతో కొలిచాను. రెండు మూరలు కూడా లేదు. పోయినేడాది వీడు తెచ్చిన సూరల్లో కొన్ని ఇంతకంటే పొడుగువి. పాటలో సగం ధరకి పోయినవి అవే. అప్పుడు దళారి మోసం చేశాడనుకున్నాం.

"టేపుందేట్రా ఇంట్లో?" అంది అమ్మ. వాడు తాళ్లు కింద పెట్టి వెతకడానికి వెళ్లాడు.