గంటన్నర లైన్లో, అరగంట అమరావతిలో

పారిస్‌లో ఏటా మే నెలలో ఒక శనివారం చాలా మ్యూజియాలు అర్ధరాత్రి దాకా తెరిచే ఉంటాయి, టికెట్ అడగరు. ‘న్యూయి దె మ్యూజె’ అంటారు, అంటే మ్యూజియాల రాత్రి. 2005 నుంచి ఐరోపాలో చాలా దేశాలు కలిసి చేస్తున్నాయి. ఈ ఊరొచ్చిన ఏడేళ్లకి మొదటిసారి వెళ్లాను.

సిగ్గుపడే సంగతి ముందే చెప్పేస్తాను. ఐరోపా సమాఖ్యలో నివసించే 26 ఏళ్ల లోపు వాళ్లకి ఇక్కడి జాతీయ మ్యూజియాల్లో శాశ్వత ప్రదర్శనలు ఏడాది పొడుగునా ఉచితం. లాంగ్‌స్టే వీసా మీద చదువుకోడానికొచ్చిన మనవాళ్లకీ అంతే. నేను 23కి వచ్చాను. మూడేళ్లు కార్డు చూపిస్తే చాలు, లోపలికి పోనిచ్చేవాళ్లు. పోలేదు. తీరా ముప్పయ్యో ఏట, ఊరికే వస్తుందంటే బయల్దేరాను. తోడొచ్చిన రూమ్మేటుకి 24, వాడికి ఏ రోజైనా ఫ్రీయే. “నీకోసం వస్తున్నానన్నా” అన్నాడు, పెద్ద ఉపకారంలాగా.

ఫోన్లో అయిదు మ్యూజియాలు రాసుకున్నాను. మొదటిది బాగా పేరున్నది. ఆరింటికల్లా చేరినా లైను మలుపు తిరిగి పక్క వీధిలోకి పోయింది. గంటన్నర నిలబడ్డాక గుమ్మం దగ్గర అమ్మాయి “మీ స్లాట్ ఎన్నింటికి?” అంది. ఉచితమే, కానీ ముందే ఆన్‌లైన్లో బుక్ చేసుకోవాలట. “తిరుపతిలో కూడా టోకెన్ తీసుకుంటాం కదన్నా, ఇక్కడ మర్చిపోయావా” అన్నాడు మావాడు. వాణ్ణి తిట్టడానికి కారణం దొరకలేదు.

జాబితా పక్కన పెట్టి తొమ్మిదో లైను మెట్రోలో ఇయెనా స్టేషన్లో దిగాం. మే మధ్యలో ఇక్కడ పొద్దు గుంకేసరికి తొమ్మిదిన్నర, రాత్రి అన్నమాటే గానీ ఇంకా వెలుతురే. నడిచే దూరంలో నగర ఆధునిక కళా మ్యూజియం. చిత్రకారుడు రౌల్ డ్యూఫీ 1937 ప్రపంచ ప్రదర్శన కోసం వేసిన ‘విద్యుత్ దేవత’ బొమ్మ అక్కడుంది: 250 పలకలు, 10 మీటర్ల ఎత్తు, 60 మీటర్ల పొడవు. బొమ్మ గది చుట్టూ తిరిగి మనల్నే చుట్టేస్తుంది. కరెంటు కథలో పాలున్న శాస్త్రవేత్తలంతా కింద వరసగా నిలబడి ఉంటారు. మావాడిది ఎలక్ట్రికల్. ఆంపియర్, ఫారడే, ఎడిసన్ అంటూ ఒక్కొక్కరినీ వెతుక్కుంటూ కదల్లేదు. బయటికొస్తూ బోర్డు చదివాను. ఇక్కడ శాశ్వత సేకరణ ఏడాదంతా ఉచితమేనట, ఎవరికైనా. పెతీ పలే, కార్నవాలే మ్యూజియాలు కూడా అంతే. అలాంటివాటికి ఈ రాత్రిని ఖర్చుపెట్టకండి.

పదకొండుకి నదికి అవతల ఐఫిల్ టవర్ మిలమిలలాడింది, గంటకోసారి అయిదు నిమిషాలు అలా మెరుస్తుంది. చూసుకుంటూ గిమే మ్యూజియం చేరాం. ఎమిల్ గిమే అనే లియోన్ పారిశ్రామికవేత్త పేరు మీద 1889లో పారిస్‌లో తెరిచారు, అంతా ఆసియా కళే. లైను లేదు. సంచి తెరిచి చూపించి లోపలికెళ్లాం. జనమంతా కంబోడియా శిల్పాల దగ్గరున్నారు, ఇండియా వైపు పలచగా ఉంది.

అక్కడ లేత రంగు సున్నపురాయి పలక. పక్కన ‘అమరావతి, 2వ శతాబ్దం’. బుద్ధుడి ధ్యానం చెడగొట్టాలని వచ్చిన మారుడు తన సేనతో మీద పడుతున్నాడు. మధ్యలో ఆ బుద్ధుడు మాత్రం లేడు, ఖాళీ సింహాసనం ఉందంతే. పాత బౌద్ధ శిల్పాల్లో చాలాచోట్ల ఆయన రూపం చెక్కకుండా పాదాలో, చెట్టో, ఆసనమో చూపేవారు. అమరావతి స్తూపం రాళ్లు లండన్లో, చెన్నైలో చాలా ఉన్నాయని తెలుసు, ఇక్కడ ఉంటాయనుకోలేదు. ఏనుగు మీదవాడి నుంచి కింద మరుగుజ్జుల దాకా ఒక్కొక్క మొహమే చూస్తూ అరగంట అక్కడే గడిపాం.

“అన్నా, మీది గుంటూరే కదా, అమరావతి వెళ్లావా?”

“అయిదో క్లాసులో, బడివాళ్లు తీసుకెళ్లారు.”

“అక్కడేం చూశావు?”

ఆలోచించాను. కృష్ణ ఒడ్డున తిన్న పులిహోర పొట్లం తప్ప ఏదీ గుర్తుకు రాలేదు. ఈలోగా గార్డు వచ్చి మూసేస్తున్నామన్నాడు. శనివారాలు మెట్రో రాత్రి రెండు దాకా ఉంటుంది గనక పరిగెత్తాల్సిన పని పడలేదు.