రెండించుల నీళ్లు

మాది అనంతపురం జిల్లాలో వజ్రకరూరు పక్కన ఒక పల్లె. ఆర్థికశాస్త్రం మొదటి పాఠం నేను ఇంటర్లోనే చదివాను గానీ, అది అర్థమైంది మాత్రం ఒక ఎండాకాలం మా బోరు దగ్గర.

రెండించులు పోసే బోరు ఏప్రిల్‌ వచ్చేసరికి ఇంచుకు దిగింది. అది కూడా కాసేపు పోసి, కాసేపు గాలి కక్కి, మళ్లీ పోసేది. ఆ నీళ్ల కోసం రెండు పంటలు కాచుకొని ఉన్నాయి. రెండెకరాల్లో ఆరేండ్ల చీనీ (బత్తాయి) చెట్లు, పక్క ఎకరాలో అప్పుడే పూతకొచ్చిన టమాట. రెండింటికీ చాలవు. నాయన రెండు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. మూడో రోజు తెల్లవారుజామున తోటకొచ్చి టమాట వైపు పోయే డ్రిప్పు వాల్వు తిప్పి కట్టేశాడు. "టమాట పోతే మూణ్ణెల్ల కష్టం పోతుందిరా, చెట్టు పోతే ఆరేండ్లు పోతాయి" అన్నాడు. వారానికే ఆకులు ముడుచుకుపోయి పూతంతా రాలింది. ఆ ఏడాదే టమాట ధర బాగా పలికింది.

కొరత అంటే లేకపోవడం అని వాడుకలో అనేస్తాం. శాస్త్రంలో దాని అర్థం వేరు. ఆర్థికవేత్త లయొనెల్ రాబిన్స్ 1932లో చెప్పిన నిర్వచనం ప్రకారం మన కోరికలకు అంతు లేదు, వాటిని తీర్చే వనరులకు హద్దుంది, పైగా ఆ వనరులను ఒకటికి మించిన పనులకు వాడుకోవచ్చు, అందుకే ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. ఈ 'ఒకటికి మించిన పనులు' అన్నదే అసలు సంగతి. బోరు నీళ్లు చీనీకి తప్ప దేనికీ పనికిరాకపోయి ఉంటే నాయనకు ఆ టెన్షనే ఉండేది కాదు. ఆ వేసవిలో చీనీ చెట్లు బతకడానికి మాకైన ఖర్చు కరెంటూ కాదు, ఎరువూ కాదు, ఎండిపోయిన ఆ టమాట మడి. దీన్నే అవకాశ వ్యయం అంటారు. ఎవరూ దీనికి బిల్లు ఇవ్వరు కాబట్టి మన లెక్కల్లోకి రాదు.

తొలకరి పడగానే మా వైపు వజ్రాల కోసం ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి చేలల్లో వంగి వెతుకుతుంటారు. సరిగ్గా అదే వానకు మేం శెనక్కాయ విత్తాలి. పదును నాలుగు రోజులుంటే గొప్ప, అది ఆరిపోతే మళ్లీ వాన కోసం ఆకాశం చూడాల్సిందే. ప్రాణం నిలిపే నీరు చవకగా, ఏ అవసరమూ తీర్చని వజ్రం అంత ఖరీదుగా ఎందుకున్నాయని ఆర్థికవేత్త ఆడమ్ స్మిత్ 1776లోనే ఆశ్చర్యపోయాడు. దీనికి సరైన జవాబు 1870ల్లో గానీ దొరకలేదు. ధరను తేల్చేది ఆ వస్తువు మొత్తం మీద మనకు చేసే మేలు కాదు, ఉన్నదానికి ఇంకొక్కటి తోడైతే కలిగే మేలు. నిండు వానాకాలంలో ఇంకో బిందె నీళ్లకు విలువేముంది? అదే చీనీ చెట్టు ఎండుతున్నప్పుడు అప్పు చేసి మరీ ట్యాంకర్లతో నీళ్లు తోలిన రైతులు మా జిల్లాలో ఎందరో.

2004 నుంచి రైతుకు కరెంటు ఉచితం. అది లేకపోతే మాలాంటివాళ్లు సేద్యం ఎప్పుడో మానేసేవాళ్లు, అందులో నాకు అనుమానం లేదు. కానీ భూమిలోని నీళ్లు తోడేకొద్దీ దిగిపోతాయి, ఒకరు ఇంకాస్త లోతుకు బోరేస్తే పక్క చేనివాళ్ల బోరు గాలి కక్కుతుంది. ఆ ఖర్చు కూడా ఏ బిల్లులోనూ ఉండదు.

ఇక ఉత్పత్తి. వస్తువు తయారవ్వాలంటే భూమి, శ్రమ, మూలధనం, వీటిని కలిపి నష్టానికి సిద్ధపడే మనిషి కావాలని పుస్తకం చెబుతుంది. మన పల్లెల్లో వీటి ప్రతిఫలాలకు ఎప్పుడో పేర్లున్నాయి. భూమికి గుత్త, శ్రమకు కూలి, అప్పు తెచ్చిన డబ్బుకు వడ్డీ, అన్నీ పోగా రైతుకు మిగులు. నాయన శెనక్కాయ లెక్క రాసేటప్పుడు విత్తనాలు, మందులు, ట్రాక్టరు బాడుగ, బయటి కూలీలకిచ్చింది రాసి, అమ్మిన సొమ్ములోంచి తీసేసి, ఇంత మిగిలిందని సంతోషపడతాడు. సొంత భూమి కాబట్టి గుత్త రాయడు. అదే భూమి వేరేవాళ్లకిస్తే గుత్త వచ్చేది కదా! తనకూ అమ్మకూ కూలి రాయడు. ఇద్దరూ పక్క చేలో పనికిపోతే సాయంత్రానికి డబ్బు చేతికొచ్చేది. చీనీ కోసం టమాటను వదులుకున్నప్పుడు అంత కచ్చితంగా లెక్కేసిన మనిషికి, ఇంట్లోవాళ్ల కష్టం దగ్గర మాత్రం ఆ లెక్క గుర్తుకు రాదు. మా ఇంట్లోనే కాదు, నాకు తెలిసిన ప్రతి రైతు ఇంట్లోనూ ఇంతే.

అందుకే పోయిన ఏడాది నోటుబుక్కు తీసుకుని అమ్మ చేలో పనిచేసిన రోజులు నేనే రాశాను. ఒక్క శెనక్కాయ పంటలో అమ్మవి ముప్పై ఆరు రోజులు తేలాయి. కలుపు తీసినవి, చెట్లు పెరికినవి, కాయలు కోసినవి. ఇంటి పని అందులో లేదు. ఊర్లో ఆడవాళ్లకిచ్చే కూలి రేటు కట్టి చూస్తే, నాయన మిగులు అనుకున్నదాంట్లో సగానికి పైగా అమ్మ కూలే.

నాయన ఆ పేజీ రెండుసార్లు చూశాడు. కాసేపటికి, "మీ అమ్మకు చూపించినావా?" అని అడిగాడు.