బోర్డింగ్ పాస్ మీద నాలుగు 'ఎస్'లు

ఆన్‌లైన్ చెక్‌ఇన్ ఎంతకీ కాలేదు. కౌంటర్ దగ్గరికి వెళ్తే, ఇచ్చిన బోర్డింగ్ పాస్ మీద 'ఎస్‌ఎస్‌ఎస్‌ఎస్' అని అచ్చయి ఉంది. సెకండరీ సెక్యూరిటీ స్క్రీనింగ్ సెలెక్షన్, అంటే అదనపు తనిఖీకి మనల్ని ఎంచారన్నమాట. అమెరికా వెళ్లే విమానాల్లో కొందరికి ఇది పడుతుంది. ఒక్కోసారి ఊరికే ఎవరో ఒకర్ని ఎంచుతారు, ఒక్కోసారి అమెరికా భద్రతాధికారుల నిఘా జాబితాలోని ఎవరి పేరో మన పేరుకు దగ్గరగా ఉంటుంది. మనకెందుకు పడిందో చెప్పరు. అడగడం కూడా దండగే.

నేను చెస్ టోర్నమెంట్లకి ఆర్బిటర్‌గా, అంటే రిఫరీగా వెళ్తుంటాను. ఆ ప్రయాణమూ అలాంటిదే. చేతి బ్యాగులో డిజిటల్ చెస్ గడియారం ఉంది, ఇద్దరు ఆటగాళ్ల సమయాన్నీ విడివిడిగా లెక్కపెట్టేది. బ్యాటరీలు, డిస్‌ప్లే, పైన రెండు మీటలు. ఎక్స్‌రేలో దాని బొమ్మ చూసి ఎవరికైనా అనుమానం రాకపోతేనే ఆశ్చర్యం.

గేటు పక్కన విడిగా టేబుల్ వేసుకుని ఎయిర్‌లైన్ తరఫు సెక్యూరిటీ ఆవిడ కూర్చుంది. 2017 అక్టోబరు నుంచి అమెరికా వెళ్లే ప్రయాణికుల్ని ఎయిర్‌లైన్లే ఇలా ప్రశ్నించడం మొదలుపెట్టాయి. బ్యాగు మీరే సర్దుకున్నారా? ఎక్కడ సర్దారు? సర్దాక ఎవరి దగ్గరైనా వదిలారా? ఇక్కడిదాకా మామూలే. తర్వాత మొదలయ్యాయి అసలైనవి. "ఈ బ్యాగు కొత్తదా?" "నిన్న రాత్రి ఎక్కడ పడుకున్నారు?" "మిమ్మల్ని పిలిచినాయన్ని ఎప్పుడైనా ఎదురుగా చూశారా?"

బ్యాగు ప్రశ్న ఉత్త తంతు అని నేనూ అనుకునేవాణ్ణి. బాంబు పెట్టుకున్నవాడు అవునని చెబుతాడా? కానీ ఆ ప్రశ్న వాడి కోసం కాదు, బ్యాగులో ఏముందో తెలియకుండా మోసుకొచ్చే మనిషి కోసం. 1986 ఏప్రిల్ 17న లండన్ హీత్రో విమానాశ్రయంలో టెల్ అవీవ్ వెళ్లే ఎల్ అల్ విమానం ఎక్కబోయిన ఓ గర్భిణి సంచి అడుగున సుమారు కిలోన్నర పేలుడు పదార్థం దొరికింది. పేల్చే ఏర్పాటు ఒక క్యాలిక్యులేటర్‌లో ఉంది. ఆ సంచి ఇచ్చింది ఆమెను పెళ్లాడతానన్న నిజార్ హిందావి. ఆమెకు ఏమీ తెలియదు. అతనికి 45 ఏళ్ల జైలు పడింది. అమెరికాలో మాత్రం ప్రతి ప్రయాణికుడినీ ఈ ప్రశ్న అడగాలన్న నిబంధనను 2002లో తీసేశారు. అందరూ చదివినట్టు ఒకే జవాబు చెబుతుంటే ఇంకేం ఉపయోగం!

అందుకేనేమో, ఆవిడ వరస తప్పించి అడిగింది. గడియారం బయటికి తీయించి, ఆన్ చేసి చూపించమంది. ఎలక్ట్రానిక్ వస్తువు వెలగకపోతే విమానంలోకి రానివ్వకపోవచ్చని 2014 నుంచే చెబుతున్నారు కాబట్టి ఛార్జింగ్, బ్యాటరీలు చూసుకునే బయల్దేరాను. ఒక మీట నొక్కాను, అవతలి వైపు అంకెలు పరిగెత్తాయి.

"మీరు ఆడతారా?"

"ఆడించేవాళ్లలో ఉంటాను."

"అయితే చెప్పండి, ఆట మధ్యలో ఒకతని జేబులో ఫోన్ మోగింది. ఏం చేస్తారు?"

"మామూలుగా అయితే అతను ఆట ఓడిపోయినట్టే."

"పొరపాటున మోగినా?"

"పొరపాటున మోగినా."

"పాపం కదా?" అంది, నా ముఖంలోకే చూస్తూ. పాపమే అన్నాను. ఆవిడకు చెస్ తెలుసో లేదో ఇప్పటికీ నాకు అంతుపట్టలేదు. జవాబు తప్పో ఒప్పో చూస్తున్నట్టు లేదు. ఆ పని రోజూ చేసేవాడు తడుముకోకుండా చెబుతాడా లేదా అన్నదే చూస్తున్నట్టుంది. మనిషి తీరును బట్టి ప్రమాదాన్ని పసిగట్టవచ్చన్న నమ్మకం మీద అమెరికా చాలా ఖర్చుపెట్టింది కూడా. దానికి తగిన ఆధారాలు లేవని వాళ్ల ప్రభుత్వ ఆడిట్ సంస్థే 2013లో తేల్చింది. నాకు ఆ ఆడిట్ మాటే సబబనిపిస్తుంది. టెన్షన్ పడేవాళ్లంతా దొంగలైతే విమానాలు ఖాళీగా పోవాలి.

తర్వాత చేతులకు, బ్యాగు జిప్పులకు చిన్న గుడ్డముక్క రాసి మెషీన్‌లో పెట్టారు. పేలుడు పదార్థాల ఆనవాళ్ల కోసం. గ్లిజరిన్ ఉన్న హ్యాండ్ క్రీమ్ రాసుకుంటే కూడా ఒక్కోసారి అది మోగుతుందట, ఆ పూటకి రాసుకోకపోతే గొడవే ఉండదు. నాకేం మోగలేదు. ఇలా పదేపదే పడుతుంటే అమెరికా హోంలాండ్ సెక్యూరిటీ వాళ్ల 'ట్రిప్' వెబ్‌సైట్‌లో అర్జీ పెట్టుకోవచ్చు. వాళ్లిచ్చే రిడ్రెస్ నంబరు టికెట్ బుక్ చేసేటప్పుడు వేయాలి. కనెక్షన్ విమానం ఉంటే మధ్యలో సమయం ఎక్కువే ఉంచుకోవాలి, ఈ టేబుల్ దగ్గర ఎవరూ తొందరపడరు.

నా వస్తువులు మళ్లీ సర్దుకుంటుండగా పక్క టేబుల్ దగ్గర ఒక పెద్దాయన వంతు వచ్చింది. బ్యాగు ఎవరు సర్దారంటే, "మా ఆవిడ" అన్నాడు నిజాయితీగా. లోపల ఏముందంటే బట్టలన్నాడు. ఇంకా? బట్టలేనన్నాడు. అడిగేవాడు పెన్ను పక్కన పెట్టేసి, అవతల నిలబడ్డ ఆవిణ్ణి పిలిచాడు. ఆవిడ పై అర నుంచి అడుగు దాకా ఒక్కొక్కటీ చెబుతూ పోయింది. మందుల డబ్బా, దాంతోపాటు డాక్టరు చీటీ, సాక్సులు ఎన్ని జతలో, కళ్లజోడు ఏ మూల ఉందో. ఆయన కూడా శ్రద్ధగా వింటున్నాడు. కళ్లజోడు మాట వచ్చినప్పుడు మాత్రం, "అందులో పెట్టావా? పొద్దుట్నుంచీ వెతుకుతున్నాను" అన్నాడు. ఇద్దర్నీ వెళ్లమన్నారు.