జిన్ బారులో నేను నేర్చుకున్న నీళ్ల పని

ఇందిరానగర్‌లో ఒక కాఫీపొడి దుకాణం వెనుక, బోర్డు లేని తలుపు తీసుకొని పది మెట్లు దిగితే మా జిన్ బారు వస్తుంది. జిన్ అంటే జూనిపర్ అనే కాయతో వాసన పట్టించిన మద్యం. 2024 వేసవిలో అక్కడ బార్‌టెండరుగా, అంటే మద్యం కలిపి అందించే పనిలో, ఆరు వారాలు శిక్షణ పొంది, రెండో ప్రయత్నంలో పరీక్ష నెగ్గాను. హిందూపురం, అనంతపురం వైపు నుంచి ఈ పని కోసం బెంగళూరు వచ్చే పిల్లలు తరచుగా అడుగుతున్నారు కనుక, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఇలా దాగి ఉండే బార్ల వాడుక, 1920 నుంచి 1933 వరకు అమెరికాలో మద్యనిషేధం ఉన్న కాలం నాటిది. మా బారుకు మాత్రం ఎక్సైజు లైసెన్సు ఉంది, అది లోపలి గోడకే వేలాడుతుంది.

మొదటి వారం నన్ను సీసా ముట్టుకోనివ్వలేదు. చిత్తూరు నుంచి వచ్చిన మా సీనియర్ అన్న జిన్‌కు వాసననిచ్చే దినుసులు పోసిన ఆరు గిన్నెలు ముందు పెట్టి, కళ్లు మూసుకొని వాసన చూడమన్నాడు. జూనిపర్‌ను వెంటనే పట్టుకున్నాను. ఎండిన నల్లద్రాక్షలా కనిపించే ఆ కాయను గోటితో నొక్కితే వేళ్లకు జిగురు అంటి, సాంబ్రాణిలో నిమ్మతొక్క కలిపినట్టు వాసన వస్తుంది. ఆయుర్వేదంలో దీనినే హపుష అంటారు; హిమాలయ జూనిపర్‌తో తయారయ్యే హపుసా జిన్ పేరు అక్కడిదే. నేను తప్పింది మాత్రం ధనియాల దగ్గర. చారుపొడికి వేయించిన వాసన తప్ప మరొకటి ఎరుగని నాకు, పచ్చి ధనియాలను నలిపితే నారింజ తొక్క వాసన వస్తుందని ఆ రోజే తెలిసింది. జిన్‌లోకి దిగేది ఆ వాసనే.

అన్నిటికంటే కష్టమైనది ఐసు. ఆ వేసవిలో మా వీధి బోర్లు ఎండిపోయి, ట్యాంకర్ నీళ్లను ఫిల్టర్ చేసి వాడుకున్నాము. నీళ్లు ఎంత శుభ్రంగా ఉన్నా, అన్ని వైపుల నుంచీ ఒకేసారి గడ్డకడితే గాలి మధ్యలో చిక్కుకొని ఐసు తెల్లగా మసకబారుతుంది. అందుకని మూత తీసిన థర్మోకోల్ పెట్టెలో నీళ్లు పోసి ఫ్రీజరులో పెడతాము. చలి పైనుంచి మాత్రమే దిగుతుంది కాబట్టి గాలి అడుక్కు చేరుతుంది. అడుగు గడ్డకట్టకముందే దిమ్మను బయటకు తీయాలి. నా మొదటి దిమ్మను ఆలస్యంగా తీసినందువల్ల అది పూర్తిగా గడ్డకట్టి, రంపం పెట్టగానే నిలువునా పగిలింది. నీళ్లకు అంత ఎద్దడి ఉన్న రోజుల్లో అలా పాడుచేసినందుకు చాలా బాధపడ్డాను.

జిన్‌లో కలిపే చేదు సోడా, టానిక్, దాని సంగతి త్వరగానే వచ్చింది. అందులోని చేదు సింకోనా బెరడు నుంచి తీసే క్వినైన్‌ది. 1860లలో బ్రిటిష్‌వారు నీలగిరులలో ఆ చెట్లు పెంచింది మలేరియా మందు కోసమే. ఇప్పటి టానిక్‌లో ఉండే క్వినైన్ మందుగా పనిచేసేంత కాదని, అడిగిన అతిథులకు నేను తప్పక చెబుతాను.

మొదటి పరీక్షలో నన్ను ఓడించింది మార్టీని, అంటే జిన్‌లో వెర్మూత్ అనే మూలికల వైన్ కొద్దిగా కలిపి ఐసుతో చల్లబరిచే పానీయం. 42.8 శాతం బలమున్న జిన్ 60 మిల్లీలీటర్లు, వెర్మూత్ 10 మిల్లీలీటర్లు ఐసు మీద పోసి, గరిట తిప్పి వడకట్టాను. అన్న కొలిస్తే 77 మిల్లీలీటర్లు ఉంది. ఒక గుక్క తాగి, "తమ్ముడూ, ఇందులో నీళ్లు చాల్లేదు, జిన్ ఇంకా విప్పుకోలేదు" అన్నాడు. నీళ్లు పడితే పలచబడుతుందని భయపడి గరిటను ముందే ఆపేశాను. ఐసు కరిగి తగినన్ని నీళ్లు చేరితే తప్ప ఆల్కహాలు మంట తగ్గదు, మంట తగ్గనిదే జూనిపర్ వాసన ముక్కుకు అందదు. ఆ తరువాత రెండు వారాలపాటు, బారు తెరవకముందు, ఒట్టి నీళ్లతోనే గరిట తిప్పుతూ, ఎంత సేపటికి ఎంత ఐసు కరుగుతుందో కొలిచి కాగితం మీద రాసుకున్నాను.

రెండోసారి పరీక్షలో కొలిస్తే 87 మిల్లీలీటర్లు వచ్చింది. అన్న ఏమీ అనకుండా గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకొని కాసేపు వాసన చూశాడు, తరువాత నెమ్మదిగా తాగాడు. మర్నాడు సాయంత్రం ఐదింటికి, నల్ల చొక్కా ఇస్త్రీ చేసుకొని, కౌంటరు లోపలికి రమ్మన్నాడు.