బ్యాళ్ళు ఉడికే నీళ్ళు

ఆదివారం, రాత్రి పదిన్నర.

క్రిస్మస్ సెలవులకు హైదరాబాదు నుంచి వదినావాళ్ళు వస్తున్నారు. అందరం కలిసి మూడు రోజులు గండికోట వైపు ఉండొద్దామని దసరా అప్పటినుంచీ అనుకుంటున్నాం. హోటల్ గదులు వద్దనేది మొదట్లోనే తేలిపోయింది. మామయ్యకు షుగర్. పొద్దున ఇన్సులిన్ వేసుకున్నాక తిండికి ఆలస్యం కాకూడదు. అత్తమ్మకు బయటి నూనె పడదు. వదిన చిన్నకొడుక్కి రెండేళ్ళు, వాడికి ఎప్పుడు ఆకలేస్తుందో వాడికే తెలియాలి. చిన్నాపెద్దా కలిపి తొమ్మిది మందిమి. అందుకే వంటిల్లు ఉన్న ఇల్లు, మనమే వండుకోగలిగే ఇల్లు కావాలని వెతుకుతున్నాను.

ఫోన్లో ఫోటోలు చూసి మా పాప ఒక ఇంటి మీద మనసు పడింది. లోయకు దగ్గరగా ఉంది, వరండాలో ఊయల, రాత్రిళ్ళు చెట్లకు లైట్లు. నాకూ నచ్చింది. ఫోన్ చేసి వంటిల్లు ఎలా ఉంటుందని అడిగితే "అన్నీ ఉన్నాయి మేడమ్" అన్నారు. అన్నీ అంటే ఏమేమిటని అడిగాక ఒక ఇండక్షన్ స్టవ్, ఒక గిన్నె, టీ పెట్టుకోవడానికి కెటిల్ అని తేలింది. కరెంటు పోతే ఆ స్టవ్ కూడా పనిచేయదు. తొమ్మిది మందికి దాని మీద ఏం వండుతాం? ఇద్దరు ముగ్గురు కుర్రవాళ్ళు ఒక రాత్రి ఉండి పోవడానికి అది మంచి ఇల్లే. మా ఇంటికి కాదు.

అప్పుడే ఇంకో సంగతి ఆలోచనకు వచ్చింది. మేమంతా గండికోట, బెలుం తిరుగుతాం. బెలుం గుహలు 3,229 మీటర్ల పొడవు, అందులో మనల్ని తిరగనిచ్చేది కిలోమీటరున్నర దాకా. మెట్లు దిగాలి, ఎక్కాలి, లోపల ఒకటే ఉక్క. అత్తమ్మ మోకాళ్ళతో అది కుదరదు. గండికోటలో మాధవరాయస్వామి గుడి, ధాన్యాగారం, మసీదు వరకు నెమ్మదిగా నడవగలదు. లోయ అంచున ఆ బండల మీదికి మాత్రం రాలేదు. అంటే తిరిగేది మేము, ఇంట్లో ఎక్కువసేపు ఉండేది వాళ్ళిద్దరు. అలాంటప్పుడు ఇల్లు చూడాల్సిందీ వాళ్ళే కదా! ఈ మాట మా ఆయనతో అంటే, "అయితే అమ్మను తీసుకుపోయి చూపిద్దాం పద" అన్నాడు.

అలా ఈరోజు పొద్దున ఇంకో ఇల్లు చూడ్డానికి కడప నుంచి ఎర్రగుంట్ల మీదుగా ముద్దనూరు దాటి వెళ్ళాం. చీనీ తోట, అంటే బత్తాయి తోట మధ్యలో ఇల్లు. తారురోడ్డు దిగాక కొంతదూరం మట్టిదారి, అదీ నల్లరేగడి. మొన్నటి వానకు తడిసి టైర్లకు మందంగా పట్టుకుంది. అటూ ఇటూ శనగ మొలకెత్తి ఉంది. కారు ఒకచోట పక్కకు జారితే అత్తమ్మ సీటు పట్టుకుని కూర్చుంది. రాత్రిపూట మామయ్యకు ఏదైనా అయితే ఈ దారిలో ఎలా బయటపడతామని నాకు టెన్షన్ పట్టుకుంది. ఇల్లుగల ఆయనతో ముందు ఆ విషయమే మాట్లాడాం. దారికి గరుసు, అంటే కంకరమట్టి తోలిస్తానన్నాడు. తోలించాకే వస్తామని చెప్పాం.

ఇల్లు బాగుంది. పాతకాలం మిద్దె, నేలంతా కడప బండలు, గుమ్మం దగ్గర ఒక్కటే మెట్టు. మంచాలు సరిపడా ఉన్నాయి, బాత్రూంలో కమోడ్ ఉంది, ఫ్రిజ్ ఉంది, ఇన్వర్టర్ ఉంది. నేను ఇవన్నీ చూస్తుంటే అత్తమ్మ నేరుగా వంటింట్లోకి పోయింది.

ఆమె చూసే తీరు చూడాల్సిందే. గ్యాస్ బండను పట్టుకుని కొంచెం పైకెత్తి బరువు చూసింది. పొయ్యి రెండు వైపులా వెలిగించింది. ఒకవైపు మంట నీలంగా వచ్చింది, రెండోవైపు పచ్చగా ఎగిసిపడింది. "ఇది గిన్నెలన్నీ మసి చేస్తుంది, బాగు చేయించమను" అంది. గిన్నెలు తిరగేసి అడుగులు చూసింది. ఆ తర్వాత సింకు దగ్గరికి వచ్చి కొళాయి తిప్పలేదు, దాని మూతిని గోటితో గీకింది. తెల్లగా పెచ్చులా ఊడి వచ్చింది. దాన్ని వేళ్ళ మధ్య నలిపి చూసి, తోట చూసుకునే ఆయన భార్యను పిలిచింది.

"ఈ నీళ్ళకు కందిబ్యాళ్ళు ఉడుకుతాయా?"

"యాడ ఉడుకుతాయి పెద్దమ్మా! ఎంతసేపు పెట్టినా పలుకుగానే ఉంటాయి. మేము పప్పుకు క్యాన్ నీళ్ళే పోసుకుంటాం" అందామె.

నేను వంటింటి గురించి ఫోన్లో ఎన్నో అడిగాను గానీ ఈ ప్రశ్న నాకు తట్టేది కాదు. మా జిల్లాలో ఈ వైపంతా భూమి లోపల సున్నపురాయే. ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చింది అందుకే. ఆ ఇంట్లో మేము నిలబడిన కడప బండలూ ఆ రాయే. బెలుంలో నీళ్ళు వేల ఏళ్ళపాటు కరిగించుకుంటూ పోయి గుహలుగా తొలిచిందీ సున్నపురాయినే. అలాంటి నేలలోంచి బోరు తోడుతుంటే సున్నం నీళ్ళతోపాటు పైకి వస్తుంది. కొళాయికి పెచ్చు కట్టేదీ, పప్పుబద్దను మెత్తబడనివ్వనిదీ అదే. స్నానానికి, గిన్నెలకు పరవాలేదు. వంటకూ తాగడానికీ రోజుకు 20 లీటర్ల క్యాన్లు మూడు కావాలని లెక్క వేసుకున్నాం. ఇల్లుగల ఆయన అద్దెలోనే ఇస్తానని ఒప్పుకున్నాడు. ఆ మాట వాట్సాప్‌లో రాసి పెట్టమన్నాను. రెండో గ్యాస్ బండ సంగతి కూడా అందులోనే రాయించాను.

ఇంటి వెనక ఒక షెడ్డు, అందులో కట్టెల పొయ్యి, పక్కన ఎండిన చీనీ కొమ్మలు కట్టలు కట్టి ఉన్నాయి. అత్తమ్మ ముఖం అక్కడ వెలిగిపోయింది. ఇంతమందికి సంగటి చేయాలంటే గ్యాస్ పొయ్యి మీద కుదరదు. పిండి పోసి కట్టెతో గెలికేటప్పుడు గుండు, అంటే సంగటి వండే గిన్నె కదలకూడదు, గట్టిగా అదిమి పట్టుకోవాలి. మూడు రాళ్ళ మీద అయితే నిలుస్తుంది. "సంగటి, నాటుకోడి పులుసు, చెనక్కాయల చట్నీ" అని ఆమె అప్పుడే లెక్కలు మొదలుపెట్టింది.

అక్కడ మా ఆయన అడిగాడు, "అమ్మా, నువ్వే వండుతావా మూడు రోజులూ?" అని. అత్తమ్మ వెంటనే బదులివ్వలేదు. కారు ఎక్కాక, ఎర్రగుంట్ల దగ్గర గేటు పడి ఆగినప్పుడు చెప్పింది: "ఒకపూట వండుతా. ఇష్టంగా వండుతా. మిగతా పూటలు ఎవరైనా చేసి పెడితే కూర్చుని తినాలని ఉంది. పెళ్ళయిన కాడినుంచి ఏ ఊరికి పోయినా ఆ ఊళ్ళో నేను చూసింది పొయ్యే."

నాకు గొంతు పట్టేసింది. మేము వంటిల్లు, వంటిల్లు అని ఇన్నాళ్ళు వెతికింది మళ్ళీ ఆమెను అందులోనే నిలబెట్టడానికైతే ఆ సెలవు ఆమెది కాదు. మనమే వండుకునే ఇల్లు తీసుకునే ఏ కుటుంబమైనా అడ్వాన్సు కట్టే ముందే ఈ మాట తేల్చుకోవాలని నాకు గట్టిగా అనిపిస్తోంది. అక్కడికి పోయాక తేల్చుకుందాం అనుకుంటే అలవాటు కొద్దీ ఆడవాళ్ళే పొయ్యి దగ్గరికి పోతారు, మగవాళ్ళు వరండాలో కూర్చుంటారు. ఎవరినీ తప్పుపట్టడానికి కాదు, మా ఇంట్లో ప్రతి పండక్కీ జరిగేది అదే.

సాయంత్రం వదినకు ఫోన్ చేసి స్పీకర్లో అందరం మాట్లాడుకున్నాం. పొద్దుటి టిఫిన్ మా ఆయన, అన్నయ్య చూసుకుంటారు. మామయ్యకు ఒక్కడికి రాత్రే నానబెట్టిన పెసలతో ఇంట్లోనే దోశ, మిగతావాళ్ళకు బయటినుంచి ఉగ్గాని, బజ్జీ. తోటలో ఉండే ఆమె జొన్నరొట్టెలు బాగా చేస్తుందట, రెండు రాత్రులు చేసి పెడతానంది. పూటకు ఎంతో ముందే మాట్లాడుకుని ఆమె చేతికే ఇస్తాం. పోయేటప్పుడు ఎంతో కొంత చేతిలో పెట్టే పద్ధతి నాకు నచ్చదు. ఆమె సాయానికి రావడం లేదు, పనికి వస్తోంది. సంగటి పూట అత్తమ్మది. కట్టె పట్టుకుని గెలికేది మాత్రం అన్నయ్య, పక్కన కూర్చుని చెప్పేది అత్తమ్మ. అన్నయ్య ఎంత సంతోషంగా ఒప్పుకున్నాడో!

వదినావాళ్ళు రైల్లో ఎర్రగుంట్లలో దిగితే మేమే తీసుకొస్తాం. కందిపప్పు, రాగిపిండి, మామయ్య మందులు, పెద్ద గుండు ఇక్కడినుంచి. దుప్పట్లు ఎక్కువే కావాలి, డిసెంబరులో ఆ తోటల్లో తెల్లవారుజామున చలి గట్టిగా ఉంటుంది.

ఒక్క విషయం తేలలేదు. తోట చివర పాత బావి ఉంది, నీళ్ళు తోడడం మానేసి చాలాకాలమైనట్టుంది. చుట్టూ గోడ నా మోకాలి ఎత్తు కూడా లేదు. మా పాప అంటే చెబితే వింటుంది, రెండేళ్ళ పిల్లాడికి ఏం చెబుతాం? ఇల్లుగల ఆయన "ఎవరూ అటు పోరులే అమ్మా" అన్నాడు. ఆ మాట నాకు చాలదు. సగం అడ్వాన్సు కట్టాం గానీ, మిగతాది బావికి ఇనుపజాలీ వేసిన ఫోటో పంపాకే. రేపు స్కూలు నుంచి రాగానే ఆయనకు ఫోన్ చేసి ఈ సంగతి నేనే చెబుతాను.