బోర్డు మీద 8 సెకన్లు

సంచికకి ఏదైనా రాయమనగానే, మన ఫ్లయింగ్ స్కూల్లో సార్ బోర్డు మీద వేసిన ఒక లెక్క గుర్తొచ్చింది.

వీఎఫ్ఆర్ అంటే కంటితో బయటికి చూస్తూ ఎగరడానికి ఉన్న నిబంధనలు. పరీక్ష కోసం అందరం అంకెలు బట్టీ పట్టాం. 10,000 అడుగుల లోపు 5 కిలోమీటర్ల విజిబిలిటీ, ఆపైన 8. మేఘానికి పక్కకి 1500 మీటర్లు, పైకైనా కిందికైనా 1000 అడుగులు ఎడం. నేను గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాను. "ఆ 1500 దేనికి?" అన్నారు సార్. నోరు పెగల్లేదు.

ఆయన చాక్‌పీస్ తీసుకున్నారు. మేఘంలోంచి ఒక ఐఎఫ్ఆర్ విమానం, అంటే పరికరాలు చూస్తూ ఎగిరేది, 250 నాట్లతో (ఒక నాట్ అంటే గంటకి సుమారు 1.85 కిలోమీటర్లు) బయటికొస్తోంది. 10,000 అడుగుల లోపు సాధారణంగా అదే గరిష్ఠ వేగం. ఎదురుగా మన ట్రైనర్ విమానం, 100 నాట్లు. రెండూ కలిపితే సెకనుకి 180 మీటర్లు. 1500 మీటర్లు కరిగిపోవడానికి 8 సెకన్లు. "అంతలో నువ్వు చూడాలి, విమానమేనని పోల్చుకోవాలి, కుడికి తిరగాలి." క్లాసులో ఎవరూ మాట్లాడలేదు. నాకైతే చెమట పట్టింది.

ఎయిర్‌స్పేస్ క్లాసులు (నిబంధనల కోసం ఆకాశాన్ని విడగొట్టిన భాగాలు) కూడా అలాగే నేర్పారు. ఏ నుంచి జీ దాకా బట్టీ కొట్టొద్దు, "ఇక్కడ పక్క విమానాన్ని నాకు దూరంగా ఉంచే పని ఎవరిది?" అని అడుగు అనేవారు. 'ఏ' క్లాసులో వీఎఫ్ఆర్‌కి ప్రవేశమే లేదు. 'బీ'లో ఏటీసీ (ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్) అందరినీ విడదీస్తుంది. సీలో ఐఎఫ్ఆర్ విమానాల నుంచి మాత్రమే మనల్ని విడదీస్తుంది. స్టూడెంట్లు పొరబడేది డీలో. క్లియరెన్స్ (ఏటీసీ అనుమతి) దొరికింది కదా, దారి ఖాళీ చేసి పెట్టారనుకుంటాం. నిజానికి అక్కడ మనకు అందేది ఎవరెక్కడున్నారన్న సమాచారమే, చూసుకుని తప్పుకోవాల్సింది మనమే. 'ఈ' క్లాసు అయితే ఏటీసీ కంట్రోల్లో ఉన్నదే, అయినా వీఎఫ్ఆర్‌కి క్లియరెన్స్ అక్కర్లేదు. ఆ 8 సెకన్ల లెక్క మరీ అవసరమయ్యేది అక్కడే.

అదే బోర్డు మీద ఇంకోరోజు 178 అని రాశారు. 1954లో ఇల్లినాయిస్ విశ్వవిద్యాలయంలో చేసిన ప్రయోగమది. పరికరాలు చూసి ఎగరడం రాని 20 మందికి బయట ఏమీ కనబడకుండా చేస్తే, సగటున 178 సెకన్లలో విమానం అదుపు తప్పింది.

నా సోలో క్రాస్ కంట్రీలో (ఒక్కడినే చేసే దూరప్రయాణంలో), రెండో లెగ్ (రెండో విడత) మధ్యలో, ముందున్న కొండల మీదికి మేఘాలు దిగడం మొదలైంది. నేనున్నది ఏటీసీ కంట్రోల్ లేని 'జీ' క్లాసులో, 3000 అడుగుల లోపు. అక్కడ మేఘంలోకి పోకుండా, నేల కనబడుతూ, 5 కిలోమీటర్ల విజిబిలిటీ ఉంటే చాలు. అంటే నిబంధన ప్రకారం ఇంకాసేపు ముందుకు వెళ్లొచ్చు. విపరీతమైన టెన్షన్. 178 కళ్ల ముందు కదిలింది. వెనక్కి తిప్పేశాను.

దిగాక సార్ సంజాయిషీ అడగలేదు. ఎక్సర్‌సైజ్ పూర్తి కాలేదని రాసుకుని, మర్నాటి షెడ్యూల్లో నా పేరే మొదట వేశారు.